కుడి ఎడమల లెక్క: యుద్ధవిద్యల వరుసల్లో సౌష్ఠవం, అసౌష్ఠవం

(కోడి రామమూర్తి నాయుడు స్మారక ఉపన్యాసం, వజ్రపుకొత్తూరు)



ఈ ఉపన్యాసం కోడి రామమూర్తి నాయుడుగారి పేరు మీద జరుగుతోంది. ఆ పేరు తెలియనివారు ఈ ప్రాంతంలో ఉండరు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నాం. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, మళ్లీ విజయనగరం వచ్చి పిల్లలకు వ్యాయామం నేర్పారు. ఆ తరవాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. సముద్రం దాటి ఇంగ్లండులో రాజదంపతుల ముందు ప్రదర్శనలిచ్చారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపారు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

జనం ఆయన బలాన్ని గుర్తుపెట్టుకున్నారు. నేను ఈ రోజు గుర్తుచెయ్యదలచింది ఆ బలం వెనక ఉన్న ఉపాధ్యాయుణ్ని. గరిడీలో దండీలు, బస్కీలు తీసిన కుర్రవాడు సైదాపేట వెళ్లి డ్రిల్లు నేర్చుకుని వచ్చి బడిపిల్లల ముందు నిలబడ్డాడు. అంటే గురువు దగ్గర ఒక్కొక్కరూ నేర్చుకునే సాము, వందమంది వరసగా నిలబడి చేసే కవాతు, రెండూ ఆ ఒక్క మనిషిలో కలిశాయి. నేను మాట్లాడబోయే విషయం ఆ రెండూ కలిసిన చోటే మొదలవుతుంది.

కర్రసాము కానివ్వండి, కరాటే కానివ్వండి, కేరళ కలరి కానివ్వండి, చైనా వారి తాయి చీ కానివ్వండి, అన్నిటిలోనూ ఒక వరుస ఉంటుంది. ఎదుట మనిషి లేకుండా ఒంటరిగా చేసే అడుగులు, దెబ్బలు, కాపుల క్రమం అది. ఆ వరుసలో కుడివైపు ఏం చేశామో ఎడమవైపూ అదే చెయ్యాలా? కొన్ని వరుసలు అద్దంలో చూసినట్టు రెండువైపులా ఒకేలా ఉంటాయి. కొన్ని ఉండవు. ఉండనివాటిని చూసి ఇది పాత లోపం, సరిచేద్దాం అనేవాళ్లున్నారు. అసలు విద్య అక్కడే ఉంది, ముట్టుకోవద్దు అనేవాళ్లూ ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. వరుసలో కుడి ఎడమలు సమానంగా ఉన్న భాగం నేర్చుకునేవాడి ఒంటి కోసం. సమానం తప్పిన భాగం ఎదుటివాడి కోసం. మంచి గురువు రెండూ నేర్పుతాడు. ఒకదాని కోసం రెండోదాన్ని చెరిపెయ్యడు. ఈ మాటను ఆరు మెట్లలో మీ ముందు పెడతాను.

1. నిలబడటంలోనే లెక్క మొదలవుతుంది

వెనక నిలబడ్డ కుర్రాళ్లు ఒక చిన్న పని చెయ్యండి. రెండు పాదాలూ పక్కపక్కన, భుజాల వెడల్పున పెట్టి నిలబడండి. పక్కవాణ్ని మీ భుజం మీద పక్కనుంచి తొయ్యమనండి. ఆగగలుగుతారు. ఇప్పుడు ఛాతీ మీద ఎదురుగా తొయ్యమనండి. వెనక్కి తూలిపోతారు. ఒక కాలు వెనక్కి వేసి మళ్లీ తొయ్యమనండి. ఈసారి ఆగుతారు. ఒంటి బరువు పాదాల మధ్య ఉన్న జాగాలో పడుతున్నంతసేపే మనిషి నిలబడగలడు. ఎటునుంచి బలం వస్తుందో అటు ఆ జాగా పొడుగ్గా ఉండాలి. పాదాలు సమంగా పెట్టుకుంటే ముందు వెనకల జాగా ఒక్క పాదం పొడవే.

రామమూర్తిగారి భుజాలకు గొలుసులు కట్టి, రెండువైపులా రెండు కార్లు పెట్టి నడిపించినా ఆయన కదలలేదని చెప్పుకుంటాం. రెండువైపులా లాగుడు ఉన్నప్పుడు రెండువైపులా సమంగా నిలబడాలి. ఒకే కారును ఆపాలంటే ఆ నిలబడటం పనికిరాదు. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి పోవలసిందే. బలం ఎటునుంచి వస్తోందన్నదే భంగిమను నిర్ణయిస్తుంది. యుద్ధంలో బలం వచ్చేది ఎదుటినుంచి. కాబట్టి చాలా యుద్ధవిద్యల్లో పోరాటపు భంగిమలో ఒక కాలు ముందుంటుంది, ఒక చెయ్యి ముందుంటుంది. నమస్కారం చేసేటప్పుడు సమంగా నిలబడతాం. కాపు పట్టగానే ఆ సమానం తప్పిపోతుంది.

2. కర్ర గీసే బొమ్మ వేరు, మణికట్టు పడే పాటు వేరు

ఇప్పుడు మన కర్రసాముకు వద్దాం. మన ఉత్తరాంధ్రలో పండగలకు, జాతరలకు ఊరేగింపు ముందు కర్ర తిప్పేవాళ్లను మీరంతా చూశారు. కుడి చేత్తో కర్రను కుడిపక్క ఒక చుట్టు, ఎడమపక్క ఒక చుట్టు తిప్పుతారు. దూరం నుంచి చూస్తే గాలిలో ఎనిమిది అంకె పడుకున్నట్టు ఉంటుంది. రెండు సున్నాలూ సమానం. చూసేవాడికి అంతకంటే చక్కని సౌష్ఠవం ఉండదు.

తిప్పేవాడి దగ్గరకు వచ్చి చూడండి. కుడిపక్క చుట్టులో చెయ్యి భుజం నుంచి స్వేచ్ఛగా వేలాడుతుంది. మోచెయ్యి ఒంటికి దూరంగా ఉంటుంది. చుట్టు విశాలంగా వస్తుంది. ఎడమపక్కకు వెళ్లేసరికి అదే చెయ్యి ఛాతీకి అడ్డం పడుతుంది. మణికట్టు తిరగబడుతుంది. చోటు తగ్గిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి కర్ర కొస చెవికో భుజానికో తగిలేది ఇక్కడే. కాబట్టి గురువు కుడి చుట్టుకు ఒక మాట, ఎడమ చుట్టుకు మరో మాట చెప్పాలి. కుడిపక్క భుజం వదులు చెయ్యమంటాడు. ఎడమపక్క మోచెయ్యి దగ్గరకు తెచ్చుకోమంటాడు. రెండు వేర్వేరు పనులు చేస్తేనే రెండు సమానమైన సున్నాలు వస్తాయి.

మన తీరంలో పిల్లలు ఇసుక మీద సాధన చేసినప్పుడు ఇంకో సంగతి కనబడుతుంది. కర్ర గాలిలో గీసింది మిగలదు, పాదాలు గీసింది మిగులుతుంది. కుడిచేతివాటం పిల్లవాడు దెబ్బ వేసి ఆగిన చోట చూడండి. ముందు పెట్టిన ఎడమ పాదం ముద్ర పల్చగా ఉంటుంది. వెనక కుడి పాదం మునివేళ్ల దగ్గర ఇసుక గుంటపడి ఉంటుంది. దెబ్బ పుట్టింది ఆ గుంటలో. అది నేలను తన్ని, తుంటి తిరిగి, భుజం మీదుగా కర్ర కొసకు వెళ్లింది. గుంట లేకపోతే దెబ్బలో బలం లేదని అర్థం. సిమెంటు గచ్చు మీద నేర్పే గురువులకు ఈ సౌకర్యం లేదు. సముద్రం మనకిచ్చిన పలక ఇది, వాడుకోవాలి.

3. బడిలోకి వచ్చిన వరుసలో ఒక దెబ్బ ఎక్కువ

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో, రామమూర్తిగారు వ్యాయామం నేర్పుతున్న రోజుల్లోనే, జపాను దక్షిణాన ఒకినావా ద్వీపంలో అంకో ఇటోసు అనే పెద్దాయన కరాటేను బడిలోకి తెచ్చాడు. 1908లో ఆయన విద్యాధికారులకు పది సూత్రాలతో రాసిన లేఖ ఇప్పటికీ కరాటేవారికి ప్రమాణం. బడిపిల్లల కోసం ఆయన ఐదు వరుసలు కట్టాడు. వాటిని పినాన్ అన్నారు. ఆయన శిష్యుడు గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యో వెళ్లి, తరవాత వాటికి హెయాన్ అని పేరు మార్చాడు. పలాసలోనో టెక్కలిలోనో షోటోకాన్ కరాటేలో చేరిన పిల్లవాడు మొట్టమొదట నేర్చుకునే వరుసల్లో హెయాన్ షోదాన్ ఒకటి. అందులో 21 కదలికలు. ఇక్కడున్న పిల్లల్లో కొందరికి అది నోటికి వచ్చు. నాతో పాటు లెక్కపెట్టండి.

మొదట ఎడమకు తిరిగి ఎడమ చేత్తో కిందికి కాపు, ఒక అడుగు వేసి కుడి గుద్దు. వెనక్కి తిరిగి కుడి చేత్తో కిందికి కాపు, ఒక అడుగు వేసి ఎడమ గుద్దు. ఇంతే అయితే అది అద్దంలో బొమ్మ. కానీ కుడివైపు కాపుకీ గుద్దుకీ మధ్య ఒక కదలిక ఎక్కువ ఉంది. ముందు కాలు కొంచెం వెనక్కి లాగి, కుడి చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుభాగంతో సుత్తిలా కొట్టాలి. ఎడమవైపు రెండు కదలికలు, కుడివైపు మూడు. విచిత్రమేమిటంటే, వరుస రెండో కొసలో ఇదే ఎడమ, కుడి జంట మళ్లీ వస్తుంది. అక్కడ ఆ సుత్తిదెబ్బ లేదు. రెండువైపులా రెండే కదలికలు.

ఒకే వరుసలో ఒకచోట సమానం, ఒకచోట అసమానం. కట్టినవాడికి సమానంగా కట్టడం రాదనలేం. రెండో కొసలో కట్టి చూపించాడు. చివర కత్తిలా చాచిన చేతి కాపులు నాలుగూ ఎడమ, కుడి, కుడి, ఎడమ అని ఎంత ముచ్చటగా సర్దాడో చూడండి. మరి ఆ సుత్తిదెబ్బ ఎందుకు? గురువులు సాధారణంగా చెప్పే వివరణ ఇది: కాపు పట్టిన చేతిని ఎదుటివాడు పట్టుకున్నాడు. పట్టు విడిపించుకోవడానికి కాలు వెనక్కి, చెయ్యి లోపలికి లాగాలి. ఆ లాగిన ఊపుతోనే తిరిగి కొట్టాలి. అంటే ఆ ఒక్క కదలికలో రెండో మనిషి ఉన్నాడు. మిగతా వరుసలో గాలితో పోరాడుతున్న పిల్లవాడు అక్కడ మాత్రం ఒక మనిషితో పోరాడుతున్నాడు.

మిగతా లెక్కా చూడండి. అడుగు వేసి కొట్టే గుద్దులు కుడిచేత్తో నాలుగు, ఎడమచేత్తో మూడు. కిందికి పట్టే కాపులు ఎడమచేత్తో నాలుగు, కుడిచేత్తో రెండు. గట్టిగా కేక వేసే చోట్లు రెండూ కుడిచేతివే. ఎడమ కాపు, కుడి దెబ్బ. కుడిచేతివాటం మనిషి పోరాటమే బడి వరుసలోనూ మిగిలింది. కవాతు కోసం ఎంత సర్దినా, యుద్ధం తన గుర్తు వదల్లేదు.

4. సరిచేసిన వరుసలు, సరిచెయ్యని వరుసలు

మరి సరిచేస్తే ఏమవుతుంది? దానికి చైనాలో జవాబు దొరుకుతుంది. యాంగ్ తాయి చీ పాత పొడుగు వరుసలో పిచ్చుక తోక పట్టుకోవడం అనే కదలికల గుత్తి పదే పదే వస్తుంది, ప్రతిసారీ కుడివైపే. 1956లో చైనా క్రీడా సంఘం ఆరోగ్యం కోసం జనమంతా చెయ్యడానికి వీలుగా 24 కదలికల చిన్న వరుస కట్టించింది. అందులో పిచ్చుక తోకను ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి పెట్టారు. తెల్లవారుజామున పార్కుల్లో చేసే ముసలివాళ్ల నడుముకు, మోకాళ్లకు రెండువైపులా సమానంగా పని పడాలి కదా. ఆ మార్పు సబబే. అయితే దాని పక్కనే ఉన్న ఒంటి కొరడా అనే కదలికను అలాగే వదిలేశారు. 24లో అది రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ కొక్కెంలా వంచేది కుడి చెయ్యే. సరిచేసినవాళ్లు కూడా అంతా సరిచెయ్యలేదు.

జపాను కత్తివిద్య కెండోలో దీనికి పూర్తిగా ఎదురైన పద్ధతి ఉంది. ప్రాథమిక భంగిమలో కుడి చెయ్యి పిడి పైన, ఎడమ చెయ్యి పిడి కొసన, కుడి పాదం ముందు. ఎడమచేతివాటం వాళ్లకూ ఇదే. కానీ అక్కడ గురువులు పదే పదే చెప్పే మాట, కత్తిని నడపవలసింది ఎడమ చెయ్యి అని. కుడిచేతివాటం మనిషి తన బలమైన చేతిని అదుపులో పెట్టి, రెండో చేతిని పనిలోకి దింపాలి. బయటికి పూర్తిగా అసమానంగా కనిపించే భంగిమ లోపల రెండు చేతులకూ పని పంచింది.

కేరళ కలరి నేలలోనే ఈ లెక్క ఉంది. సంప్రదాయ కలరి సాధనశాల 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు. కొలత చూస్తే రెండు చతురస్రాలు చక్కగా పక్కపక్కన పేర్చినట్టు. కానీ పూతర అనే ఏడు మెట్ల పూజాపీఠం మధ్యలో ఉండదు, నైరుతి మూలన ఉంటుంది. లోపలికి కుడి పాదంతో అడుగుపెట్టాలి. లోపల చేసే కాలి విసుర్లు మాత్రం కుడీ ఎడమా మార్చి మార్చి చేస్తారు. చోటుకు ఒక దిక్కు ఉంది, ఒంటికి రెండు దిక్కులూ ఉన్నాయి.

మూడు దేశాచారాలు కావు ఇవి, మూడు ప్రయోజనాలు. ఆరోగ్యం కోసమైతే సమానం చెయ్యి. ఆయుధం కోసమైతే ఆయుధం అడిగిన వైపే నేర్చుకో. ఒళ్లు తయారుచేసుకునేటప్పుడు రెండువైపులా చెయ్యి. గొడవ వచ్చేది ప్రయోజనం మరిచిపోయి వరుసను మాత్రం పట్టుకున్నప్పుడే.

5. ఒంటికి మనం పడ్డ బాకీ

ఇప్పుడు సమానం వైపు నిలబడి మాట్లాడతాను, ఎందుకంటే పోరాటం మీద మోజున్నవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. మన పనులు ఒంటిని ఒకవైపుకు లాగుతాయి. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లది రోజంతా ఒకే చేత్తో ఒకే ఊపు. తెడ్డు వేసేవాడికి ఒక భుజమే ముందు అలుస్తుంది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్లకు వెన్నెముక కింద వచ్చే ఎముక చీలిక ఎక్కువగా బంతి వేసే చేతికి ఎదురువైపునే వస్తుంది. 1545లో మునిగి 1982లో బయటపడ్డ మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో దొరికిన అస్థిపంజరాలను పరీక్షించినవారు కొందరి భుజాల ఎముకల్లో విల్లు లాగిన జీవితం గుర్తులు చూశారు. ఆయుధం ఎముకలో రాసుకుపోతుంది. పదేళ్ల పిల్లవాడి ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. వాడిచేత ఒకేవైపు వెయ్యి దెబ్బలు కొట్టించే హక్కు ఏ గురువుకూ లేదు.

రెండోవైపు సాధన వృథా పోదు కూడా. 1894లోనే అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం ఒక చేతికి సాధన ఇస్తే సాధన లేని రెండో చేతికీ కొంత బలం వస్తుందని చూపింది. తరవాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి. కండ ఒకవైపు పనిచేసినా నేర్చుకునేది మెదడు. ఒక చెయ్యి దెబ్బతిన్నవాడు రెండో చేత్తో సాధన మానకూడదని చెప్పడానికి ఇది చాలు.

సమానం, అసమానం ఒకే కదలికలో ఎలా కాపురం చేస్తాయో చూపడానికి మన జిల్లా బిడ్డనే తలుచుకుంటాను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ రెండో ఎత్తు ఎలా ఉంటుందో టీవీలో చూసే ఉంటారు. భుజాల మీది బరువును తల పైకి నెట్టేటప్పుడు చాలామంది లిఫ్టర్లు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి విసురుతారు. ఆ క్షణంలో ఒళ్లంతా అసమానమే. కానీ అక్కడితో ఎత్తు చెల్లదు. రెండు పాదాలూ ఒకే గీత మీదికి తెచ్చి, చేతులు సాచి, కదలకుండా నిలబడితేనే తీర్పరులు ఒప్పుకుంటారు. బరువు పైకి వెళ్లడానికి సమానం తప్పాలి, గెలుపు దక్కడానికి మళ్లీ సమానం కావాలి.

6. ఎడమచేతివాటం పిల్లవాడి సంగతి

చివరి మెట్టు మన బడుల్లోనే ఉంది. ప్రపంచంలో దాదాపు పదిమందిలో ఒకరిది ఎడమచేతివాటం. కానీ కత్తియుద్ధం, బాక్సింగ్ వంటి ముఖాముఖి ఆటల్లో పైస్థాయికి వెళ్లేకొద్దీ వాళ్ల వాటా అంతకంటే పెరుగుతుంది. ఎనిమిది బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మానీ పాకియావ్ ఎడమచేతి కాపు బాక్సరే. షార్లట్ ఫోరీ, మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచి పరిశోధకులు దీనికి చెప్పిన కారణం తేలికైనది. ఎడమచేతివాటం వాళ్లు తక్కువ కాబట్టి, మిగతావాళ్లకు వాళ్లతో పోరాడే అలవాటు తక్కువ. వాళ్లకు మాత్రం కుడిచేతివాటం వాళ్లతో రోజూ అలవాటే. భారతంలో అర్జునుడు రెండు చేతులా బాణం వెయ్యగలవాడు కావడం అలంకారం కోసం కాదు, శత్రువుకు అతని వైపు తెలియకపోవడం కోసం.

అటువంటి పిల్లవాడు సాముకు వస్తే మనం ఏం చేస్తున్నాం? ముందు కర్రను కుడి చేతికి మారుస్తున్నాం. వరుస అందరితో కలవాలని, ప్రదర్శనలో తేడా కనబడకూడదని. కవాతుకు అది అందం. పిల్లవాడికి మాత్రం పుట్టుకతో వచ్చిన ఆస్తిని లాక్కోవడం. వరుసను వాడి వైపున తిప్పి నేర్పండి. వాడి పక్కన సాధన చేసే కుడిచేతివాటం పిల్లలకూ అది లాభమే. ఎదురువైపునుంచి వచ్చే దెబ్బ ఎలా ఉంటుందో వాళ్లకు ఇంటిదగ్గరే తెలుస్తుంది.

పతకాల మాటా చెప్పాలి. కలరి, గట్కా, థాంగ్-తా వంటి దేశీయ విద్యలు ఖేలో ఇండియా యువ క్రీడల్లోకి వచ్చాయి. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే కాతా, అంటే వరుసల, పోటీ జరిగింది. ఇది సంతోషం. అయితే తీర్పరి ముందు చేసే వరుస కంటికి ఇంపుగా ఉండాలి, కంటికి సమానం ఇంపు. ఆ ఒత్తిడిలో మన కర్రసాము వరుసల్లో ఒకవైపే ఉన్న కదలికలను ఎవరో ఒకరు రెండువైపులా సర్దేస్తారు. అలా సర్దినరోజు ఆ కదలిక ఎందుకు పుట్టిందో చెప్పగలిగే ఆధారం పోతుంది. మన సాము వరుసలకు పుస్తకాలు లేవు, వృద్ధ గురువుల ఒళ్లే పుస్తకాలు.

అందుకని వ్యాయామ ఉపాధ్యాయులకు, సాము గురువులకు, కరాటే మాస్టర్లకు నా విన్నపాలు మూడు. ఒళ్లు వేడెక్కించే సాధనలు, పునాది కదలికలు ప్రతిదీ రెండువైపులా సమానంగా చేయించండి. వరుసను మాత్రం గురువు ఇచ్చినట్టే ఉంచి, ఎక్కడ సమానం తప్పిందో అక్కడ పిల్లలను ఆపి, ఎదుట ఒక మనిషిని నిలబెట్టి, ఎందుకు తప్పిందో చూపించండి. మన ఊళ్లలో మిగిలిన పెద్ద గురువుల వరుసలను సెల్‌ఫోన్‌లో ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి వీడియో తీసి, ఏ చేత్తో ఏం చేశారో, ఎందుకు చేశారో వారి మాటల్లోనే రాయించి బడి లైబ్రరీలో పెట్టండి. రామమూర్తిగారి బలం ఆయనతోనే వెళ్లిపోయింది, దాన్ని ఎవరూ దాచలేరు. ఆయన చేసిన ఉపాధ్యాయుడి పని మాత్రం మన చేతుల్లో ఉంది, దాన్ని ఈ దసరాకే మొదలుపెట్టండి.